అమెరికా మెడికల్ స్కూలు దరఖాస్తు: జీపీఏ, ఎంక్యాట్, ఆ పైన చూసేవి

అమెరికాలో చదువుకుంటూ డాక్టరు కావాలనుకునే తెలుగు పిల్లలకు ఇంట్లో సలహా చెప్పేవారు ఎక్కువగా ఎంసెట్ రాసిన తరం వారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఆ ర్యాంకుకు కౌన్సెలింగులో దక్కే సీటు అన్న లెక్క వారికి బాగా తెలుసు. అమెరికాలో ఆ లెక్క సగం దూరమే పనిచేస్తుంది. అక్కడ ప్రతి మెడికల్ స్కూలుకూ సొంత అడ్మిషన్ల కమిటీ ఉంటుంది. ఆ కమిటీ ముందుగా జీపీఏను, అంటే 4.0కు లెక్కించే కాలేజీ మార్కుల సగటునూ, ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష స్కోరునూ చూసి, ఈ దరఖాస్తును లోతుగా చదవాలా వద్దా అని తేల్చుకుంటుంది. చదవడం మొదలుపెట్టాక ఈ విద్యార్థి రోగుల మధ్య ఎంతకాలం గడిపాడు, ఎవరికి ఏం ఉపయోగపడ్డాడు, అందులో ఏం గమనించాడు అన్నది వెతుకుతుంది. మార్కులు దరఖాస్తును చదివించుకుంటాయి. సీటు ఆ రెండో భాగంలోనే తేలుతుంది. అందుకే ఈ వ్యాసంలో మార్కుల గురించి లెక్కలతోనూ, మిగిలిన వాటి గురించి మరికొంత ఓపికగానూ చెప్తాను.

ఒక సంగతి మొదటే చెప్పుకోవాలి. మన దగ్గర ఎండీ అంటే ఎంబీబీఎస్ తరువాత చదివే పీజీ. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసిన వారు చేరే నాలుగేళ్ల మొదటి వైద్యవిద్యకే ఎండీ అని పేరు. దానికి సమానమైన మరో పట్టా డీఓ (ఆస్టియోపతిక్ వైద్య పట్టా). ఇండియాలో ఎంబీబీఎస్ చేసి, యూఎస్‌ఎంఎల్‌ఈ అనే అమెరికా లైసెన్సు పరీక్ష రాసి రెసిడెన్సీకి (ఆసుపత్రిలో శిక్షణకు) వెళ్లే దారి పూర్తిగా వేరు కాబట్టి దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. హైస్కూలు నుంచే నేరుగా తీసుకునే కార్యక్రమాలు కూడా కొన్ని ఉన్నాయి. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని ఎనిమిదేళ్ల కార్యక్రమం, మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ శాఖలోని ఆరేళ్ల కార్యక్రమం మన కుటుంబాల్లో బాగా తెలిసినవే. వాటిలో సీట్లు చాలా తక్కువ. అవి రాకపోతే దారి మూసుకుపోయినట్లు బాధపడనక్కరలేదు. డాక్టర్లలో అత్యధికులు మామూలు దారినే వచ్చినవారు.

ఎండీ స్కూళ్లకు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా సుమారు 52 వేల మంది దరఖాస్తు చేస్తే, సుమారు 23 వేల మంది చేరుతున్నారు. చేరినవారి సగటు జీపీఏ సుమారు 3.8, సగటు ఎంక్యాట్ స్కోరు 512కు దగ్గర. ఇవి సగటులని మరిచిపోకూడదు: ఇంతకన్నా తక్కువతో చేరినవారు వేలల్లో ఉన్నారు. అలాగే జీపీఏ 3.8, ఎంక్యాట్ 517 దాటినవారిలో కూడా పదిమందిలో ఒకరిద్దరికి ఆ ఏడాది ఎక్కడా సీటు రావడం లేదు. మార్కులొక్కటే చాలవనడానికి అంతకన్నా వేరే రుజువు అవసరం లేదు.

జీపీఏ: ఆమ్‌కాస్ వేసే లెక్క

ఎండీ స్కూళ్లలో ఎక్కువ భాగం ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా విద్యార్థులను తీసుకుంటాయి. టెక్సస్‌లోని ప్రభుత్వ స్కూళ్లకు ప్రత్యేకమైన దరఖాస్తు ఉంది. డీఓ స్కూళ్లకు మరొకటి ఉంది. కాలేజీ ఇచ్చిన జీపీఏను ఆమ్‌కాస్ యథాతథంగా తీసుకోదు. చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్‌స్క్రిప్టు తెప్పించుకుని తన పద్ధతిలో మళ్లీ లెక్కగడుతుంది. ఏ ప్లస్ గ్రేడు వచ్చినా 4.0 మాత్రమే ఇస్తుంది, ఏ మైనస్‌కు 3.7, బీ ప్లస్‌కు 3.3 వేస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం ఈ నాలుగింటినీ కలిపి బీసీపీఎం అనే సైన్స్ జీపీఏను విడిగా చూపిస్తుంది. మొత్తం జీపీఏ ఎంత బాగున్నా బీసీపీఎం వెనకబడి ఉంటే కమిటీ కంట్లో వెంటనే పడుతుంది. సైకాలజీ, కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ కోర్సులు సాధారణంగా ఈ లెక్కలోకి రావు. ఇంజనీరింగ్‌ను మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, తీసుకుని మెడిసిన్‌కు వెళ్లాలనుకునే పిల్లలకు సైన్స్ జీపీఏలో చేరే కోర్సులు తక్కువ కాబట్టి, ఒక్క ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన సీ గ్రేడు కూడా ఆ అంకెను బాగా కిందికి లాగుతుంది.

మన కుటుంబాల్లో చాలామందికి తెలియని విషయం డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ గురించి. హైస్కూల్లో ఉండగానే పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో కాలిక్యులస్‌లోనో కెమిస్ట్రీలోనో చేర్పించడం ఈ మధ్య ఆనవాయితీ అయింది. కాలేజీ క్రెడిట్ వచ్చిన ఆ కోర్సు మార్కు ఆమ్‌కాస్ లెక్కలో శాశ్వతంగా చేరుతుంది. పదహారేళ్ల వయసులో తొందరపడి తెచ్చుకున్న బీ మైనస్ అయిదారేళ్ల తరువాత సైన్స్ జీపీఏలో కనబడుతుంది. పిల్లవాడికి ఏ గ్రేడు ఖాయంగా వస్తుందన్న నమ్మకం లేనప్పుడు అటువంటి కోర్సు వద్దని నా అభిప్రాయం. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల సంగతి వేరు: వాటి స్కోరు జీపీఏలో కలవదు. అయితే కొన్ని మెడికల్ స్కూళ్లు ముఖ్యమైన సైన్స్ సబ్జెక్టులకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవు, లేదా అదే సబ్జెక్టులో పైస్థాయి కోర్సు అడుగుతాయి. కాబట్టి ఏపీ క్రెడిట్ తీసుకున్నవారు అదే సబ్జెక్టులో ఒక పెద్ద కోర్సు చదవడం మంచిది.

తప్పిన కోర్సును తిరిగి చదివితే పాత మార్కు పోతుందని కాలేజీలు చెప్పవచ్చు. ఆమ్‌కాస్ మాత్రం రెండు మార్కులనూ కలుపుతుంది. డీఓ దరఖాస్తులో ఒకప్పుడు కొత్త మార్కునే తీసుకునేవారు. 2017 నుంచి అక్కడ కూడా ఆ వెసులుబాటు లేదు.

ఆలస్యంగా మేలుకుంటే ఏమవుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. మొదటి సంవత్సరం 30 క్రెడిట్లలో 3.2 వచ్చిన విద్యార్థి, మూడో సంవత్సరం చివర 90 క్రెడిట్లకు 3.7 చూపాలనుకుంటే మిగిలిన 60 క్రెడిట్లలో సగటున 3.95 తేవాలి. అంటే దాదాపు ప్రతి కోర్సులోనూ ఏ గ్రేడు రావాలి. అదే విద్యార్థి మిగిలిన రెండేళ్లూ 3.9 తెచ్చుకుంటే మొత్తం 3.67 దగ్గర ఆగుతుంది. ఇది నిరాశపడవలసిన అంకె కాదు. ఆమ్‌కాస్ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం జీపీఏను విడివిడిగా చూపిస్తుంది కాబట్టి, పైకి పోతున్న వరుసను కమిటీ గుర్తిస్తుంది. దీనికి తలకిందులుగా మొదట 3.9తో మొదలై 3.4కు జారిన వరుస, మొత్తం ఒకటే అయినా, అనుమానం రేపుతుంది.

అందువల్ల మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ, బయాలజీ, కాలిక్యులస్ మూడూ ఒకేసారి నెత్తిన వేసుకోవడం తెలివైన పని కాదు. రెండు సైన్స్ కోర్సులు, రెండు తేలికపాటి కోర్సులతో మొదలుపెట్టి, కాలేజీ చదువు తీరు అర్థమయ్యాక బరువు పెంచుకోవచ్చు. చాలా స్కూళ్లు అడిగేవి ఇవి: ల్యాబ్‌తో కలిపి ఒక్కో సంవత్సరం చొప్పున బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ, కొంత గణితం లేదా స్టాటిస్టిక్స్, కొంత ఇంగ్లిష్. ప్రీమెడ్ (మెడికల్ స్కూలుకు సిద్ధమయ్యే చదువు) అనేది మేజర్ కాదు. చరిత్రో సంగీతమో మేజర్‌గా తీసుకుని ఈ కోర్సులు పూర్తిచేసినవారికి అడ్మిషన్లలో ఏ లోటూ లేదు. బయాలజీ మీద ప్రేమ లేనివారిని బయాలజీ మేజర్‌లోకి నెట్టడం వల్ల జీపీఏ పడిపోవడం తప్ప ప్రయోజనం కనబడదు.

చదువులో నిజాయితీ గురించి ఒక్క మాట. కాపీ కొట్టినందుకో, అసైన్‌మెంటులో మరొకరి పని వాడినందుకో కాలేజీ చర్య తీసుకుంటే దరఖాస్తులో అది చెప్పి తీరాలి. ఒక బీ గ్రేడు వల్ల పోయేది కొంత. ఆ బీ తప్పించుకోవడానికి చేసిన పని వల్ల పోయేది చాలా ఎక్కువ.

ఎంక్యాట్

పరీక్షా కేంద్రంలో విరామాలతో కలిపి ఏడున్నర గంటలు కూర్చుని 230 ప్రశ్నలకు జవాబివ్వాలి. నాలుగు విభాగాలు, ఒక్కోదానికి 118 నుంచి 132 వరకు స్కోరు, మొత్తం 472 నుంచి 528. మన పిల్లలకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాల విభాగాలు సాధారణంగా కొట్టిన పిండే. స్కోరు దెబ్బతీసేది కార్స్ అనే పఠన విభాగం. 90 నిమిషాల్లో తొమ్మిది వ్యాసభాగాలు చదివి 53 ప్రశ్నలు చేయాలి. తత్వశాస్త్రం, కళలు, చరిత్ర వంటి తెలియని విషయాల మీద బరువైన గద్యం ఇస్తారు, బయట తెలిసిన విషయం ఏదీ పనికిరాదు. కోచింగుతో ఇది రెండు నెలల్లో పెరగదు. మొదటి సంవత్సరం నుంచే రోజుకు అరగంట మంచి ఇంగ్లిష్ గద్యం చదివే అలవాటున్నవారికి ఇది వచ్చేస్తుంది. ఈ అలవాటును పిల్లల పాఠ్యప్రణాళికలో ఒక కోర్సుగానే భావించమని తల్లిదండ్రులకు చెప్తాను.

ఎంక్యాట్‌ను ఒక సంవత్సరంలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితంలో ఏడుసార్లు మాత్రమే రాయవచ్చు. ప్రతి స్కోరూ స్కూళ్లకు కనబడుతుంది. అందువల్ల పరీక్ష ఎలా ఉంటుందో చూసి వద్దామని రాయకూడదు. ఈ పరీక్షను నడిపే అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ అమ్మే అధికారిక మాదిరి పరీక్షల్లో అనుకున్న స్కోరు రెండు మూడుసార్లు వరుసగా వచ్చాకే అసలు పరీక్షకు కూర్చోవాలి. స్కోరు రావడానికి సుమారు నెల పడుతుంది కాబట్టి, దరఖాస్తు చేసే సంవత్సరంలో ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో రాసేస్తే జూన్‌లో అంకె చేతిలో ఉంటుంది.

చదువు కాక చేయవలసినవి

ఈ విషయంలోనే మన ఇళ్లలో ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు వృథా అవుతున్నాయి. చేతిలో ఎన్ని సర్టిఫికెట్లుంటే అంత మంచిదన్న ఆలోచనతో పిల్లలను పది సంఘాల్లో చేర్పిస్తారు. ఆమ్‌కాస్‌లో పని, కార్యకలాపాల కింద రాయడానికి ఉన్నవి 15 గడులు మాత్రమే. ఒక్కోదానికి 700 అక్షరాలు. వాటిలో మూడింటిని అత్యంత ముఖ్యమైనవిగా ఎంచుకుని, ఒక్కోదానికి మరో 1,325 అక్షరాలు రాయవచ్చు. ప్రతి గడిలో ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ధృవీకరించగల వ్యక్తి ఎవరు అన్నవి ఇవ్వాలి. 15 గడులూ నింపవలసిన పని లేదు. పది గడులు నింపి, అందులో నాలుగు రెండేళ్లకు పైగా సాగినవైతే ఆ దరఖాస్తు బలంగా ఉంటుంది. గంటలకు అధికారికమైన కనీస సంఖ్య ఏ సంస్థా పెట్టలేదు. కింద చెప్పే అంకెలను నా అంచనాగానే తీసుకోవాలి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రోగులకు దగ్గరగా చేసే పని. ఆసుపత్రి గిఫ్ట్ షాపులో కూర్చోవడం ఈ లెక్కలోకి రాదు. రోగి మాట వినబడేంత దగ్గరలో ఉండాలన్నది మంచి కొలమానం. డాక్టరు వెంట ఉండి కేసు నోట్సు టైపుచేసే స్క్రైబ్, అంబులెన్సులో వెళ్లే ఈఎంటీ, నర్సింగ్ హోమ్‌లో వృద్ధులకు స్నానం చేయించి అన్నం తినిపించే నర్సింగ్ అసిస్టెంట్, హాస్పైస్ (చివరి రోజుల్లో ఉన్న రోగుల సంరక్షణ) వాలంటీరు, ఇవన్నీ పనికొస్తాయి. వీటిలో నర్సింగ్ అసిస్టెంట్ పనిని మన పిల్లలు ఎక్కువగా తప్పించుకుంటారు, చాలామంది తల్లిదండ్రులకు కూడా అది చిన్నతనంగా అనిపిస్తుంది. ముసలివారి పక్కబట్టలు మార్చిన ఒక సంవత్సరం అనుభవం ఇంటర్వ్యూలో ఇచ్చే జవాబులకు, పెద్ద సర్జన్ వెనక నిలబడి చూసిన పది రోజులతో పోలికే లేదు. వారానికి మూడు నాలుగు గంటల చొప్పున ఏడాదిన్నర చేస్తే 200 గంటలు దాటతాయి; ఆ స్థాయి దాటినవారికి చెప్పడానికి నిజమైన సంగతులుంటాయి.

ఒక గడిని ఎలా నింపాలో దగ్గరగా చూద్దాం. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "హాస్పైస్‌లో వారానికి మూడు గంటలు వాలంటీరుగా పనిచేశాను. రోగుల పట్ల కరుణ, ఓర్పు, నాయకత్వ లక్షణాలు అలవరచుకున్నాను. వైద్యవృత్తి మీద నా ఆసక్తి మరింత బలపడింది." ఇందులో ఏ వాక్యాన్నైనా ఏ విద్యార్థి పేరు కింద పెట్టినా సరిపోతుంది. దాన్నే ఇలా రాయవచ్చు: "ప్రతి శనివారం నలుగురైదుగురు రోగుల దగ్గర కూర్చునేవాడిని. నీళ్లు అందించడం, దిండు సర్దడం, ఇంటివారు భోజనం చేసి వచ్చేదాకా తోడుండడం నా పని. మాట పడిపోయిన ఒక పెద్దాయనకు బేస్‌బాల్ స్కోర్లు చదివి వినిపించేవాడిని. నొప్పి పెరిగినప్పుడల్లా ఆయన దుప్పటి అంచును పిడికిట్లో బిగించేవారని గమనించి నర్సుకు చెప్పాను. ఆ గుర్తును ఆమె చార్టులో రాసుకున్నారు." రెండోదాంట్లో కరుణ అన్న మాటే లేదు. చదివినవారికి అది కనబడుతుంది, ఆ పైన ఇంటర్వ్యూలో అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది. ఇలా రాయాలంటే చేసిన రోజే రెండు వాక్యాలు నోట్‌బుక్‌లో పెట్టుకోవాలి. మూడేళ్ల తరువాత దుప్పటి అంచు ఎవరికీ గుర్తుండదు. పేరు, ఊరు వంటి రోగి గుర్తులేవీ ఆ నోట్‌బుక్‌లో రాయకూడదని వేరే చెప్పనక్కరలేదు.

రెండోది షాడోయింగ్, అంటే డాక్టరు వెంట ఉండి చూడడం. ఇది రోగుల దగ్గర చేసే పనికి భిన్నమైనది. 40, 50 గంటలు చాలు, వాటిలో కొన్నైనా ఫ్యామిలీ మెడిసిన్ వంటి ప్రాథమిక వైద్యంలో ఉండాలి. మన సమాజంలో డాక్టర్లు చాలామంది ఉన్నారు కాబట్టి షాడోయింగ్ దొరకడం కష్టం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు డాక్టరైతే వారి వెంట తిరిగిన గంటలను గట్టి సాక్ష్యంగా ఎవరూ తీసుకోరు. తండ్రి స్నేహితుడి దగ్గర 300 గంటలు చూసినా, చూసినది చూసినదే, చేసినది కాదు.

ఇండియాలో వేసవి సెలవుల సంగతి ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో మేనమామగారి నర్సింగ్ హోమ్‌లో నాలుగు వారాలు గడిపి వచ్చిన పిల్లలు, అక్కడ కుట్లు వేశామనీ, ఇంజెక్షన్లు ఇచ్చామనీ, కాన్పులో సాయపడ్డామనీ గర్వంగా రాస్తారు. అమెరికా కమిటీల దృష్టిలో అది పెద్ద తప్పు. శిక్షణ, లైసెన్సు లేని విద్యార్థి, అమెరికాలో తనకు చేసే హక్కు లేని పనిని బీదదేశపు రోగి మీద చేశాడనే వారు చదువుకుంటారు. విదేశాల్లో ప్రీమెడ్ విద్యార్థులు రోగులకు చికిత్స చేయడం గురించి ఏఏఎంసీ ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. కాబట్టి అక్కడికి వెళ్తే చూడడానికే వెళ్లాలి, చూడడానికే వెళ్లామని రాయాలి. చూడవలసినది కూడా తక్కువేమీ కాదు. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడిన కుటుంబం ఏ జబ్బుకు ఏ ఆసుపత్రికి వెళ్లాలని ఎలా తేల్చుకుంటుంది, ఒక్క ఉదయంలో వంద మందిని చూసే డాక్టరు రోగిని ఏ ప్రశ్న ముందు అడుగుతారు, అమెరికా ఇన్సూరెన్సుతో పోలిస్తే ఎవరు ఎక్కడ జారిపోతున్నారు అన్నవి శ్రద్ధగా గమనించినవారు ఇంటర్వ్యూలో ఎవరికీ తీసిపోరు.

మూడోది వైద్యంతో సంబంధం లేని సేవ. ఫుడ్ బ్యాంకు, బడిలో వెనకబడిన పిల్లలకు ట్యూషన్, ఇల్లు లేనివారి ఆశ్రయం, ఖైదీలకు చదువు చెప్పడం, ఏదైనా సరే, తనకన్నా భిన్నమైన జీవితం గడిపేవారితో కలిసి చేయాలి. ఈ ఒక్క షరతులో మన పిల్లలు దెబ్బతింటారు. మనబడిలో తెలుగు నేర్పడం, గుడిలో అన్నదానం వడ్డించడం, తెలుగు సంఘం ఉగాది ఉత్సవం నడపడం మంచి పనులే, తప్పకుండా రాయవచ్చు. కానీ సేవ అంతా మనవారి మధ్యనే జరిగిందంటే, రేపు ఎవరు వస్తారో తెలియని ఎమర్జెన్సీ గదిలో ఈ విద్యార్థి ఎలా ఉంటాడన్న ప్రశ్నకు జవాబు దొరకదు. తల్లిదండ్రులు డబ్బు పెట్టి పెట్టించిన స్వచ్ఛంద సంస్థకు పదిహేడేళ్ల పిల్లవాడు వ్యవస్థాపక అధ్యక్షుడని రాసుకోవడం కమిటీ సభ్యులకు విసుగు పుట్టించే పని. వారు అలాంటివి వందల్లో చూశారు. అదే సమయాన్ని ఉన్న సంస్థలో మామూలు కార్యకర్తగా మూడేళ్లు పెట్టడం మేలు.

రీసెర్చ్ అన్ని స్కూళ్లకూ తప్పనిసరి కాదు. జాన్స్ హాప్కిన్స్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వంటి పరిశోధనకు పేరుపడ్డ చోట్లకు వెళ్లాలనుకునేవారికి మాత్రం అది దాదాపు అవసరం. ఎండీ, పీహెచ్‌డీ కలిపి చేయాలనుకుంటే అది లేకుండా కుదరదు. మోర్‌హౌస్, లయోలా వంటి సేవా లక్ష్యంతో నడిచే స్కూళ్లు బీదవాడల్లో చేసిన పనికి ఎక్కువ విలువ ఇస్తాయి. పేపరు అచ్చయిందా అన్నదానికన్నా, ల్యాబ్‌లో తాను అడిగిన ప్రశ్న ఏమిటో, ప్రయోగం ఎందుకు కుదరలేదో చెప్పగలగడం ముఖ్యం. డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికల్లో పేరు చూసుకోవడం వల్ల ఒరిగేది లేదు.

కూచిపూడి, కర్ణాటక సంగీతం, టెన్నిస్ వంటివాటికి కూడా దరఖాస్తులో చోటుంది. హైస్కూల్లో జరిగిన అరంగేట్రం ఒక్కటే రాస్తే అది గతం. కాలేజీలో కూడా నాట్యం సాగించి, చిన్నపిల్లలకు నేర్పి, వృద్ధాశ్రమంలో ప్రదర్శన ఇచ్చినవారికి అదే ఒక గడి అవుతుంది. ఇంటర్వ్యూ చేసేవారు చాలాసార్లు సంభాషణను ఇటువంటి గడితోనే మొదలుపెడతారు. హైస్కూలు విషయాలకు సాధారణంగా దరఖాస్తులో చోటు లేదు. కాలేజీలోకి సాగినవి మాత్రమే చేర్చాలి.

వీసా, రాష్ట్రం

తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలకు పైన చెప్పిన పనుల్లో కొన్ని వాకిళ్లు మూసే ఉంటాయి. ఆ వీసా మీద ఉన్న పిల్లలు జీతం తీసుకునే పని చేయకూడదు కాబట్టి, జీతమిచ్చే స్క్రైబ్, నర్సింగ్ అసిస్టెంట్ ఉద్యోగాలు కుదరవు. నిజమైన వాలంటీరు పనులనే వెతుక్కోవాలి. 21 ఏళ్లు నిండాక ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారినవారు సెమిస్టర్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పనిచేయవచ్చు, జీతంతో ల్యాబ్ పని దొరికితే అది మంచి అవకాశం. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే, గ్రీన్ కార్డు లేనివారిని చాలా మెడికల్ స్కూళ్లు, ముఖ్యంగా ప్రభుత్వ స్కూళ్లు, అంతర్జాతీయ విద్యార్థులుగానే చూస్తాయి, వాటిలో చాలావరకు అటువంటివారి దరఖాస్తులే తీసుకోవు. తీసుకునే కొన్ని స్కూళ్లు నాలుగేళ్ల ఫీజును ముందుగానే బ్యాంకులో చూపించమని అడుగుతాయి; ఫెడరల్ విద్యారుణం కూడా వీరికి రాదు. కాబట్టి ఈ కుటుంబాలు రెండో సంవత్సరంలోనే ఏ స్కూలు తమను తీసుకుంటుందో పట్టిక వేసుకోవాలి. ఏఏఎంసీ నడిపే ఎంసార్ అనే సమాచార నిధిలో ప్రతి స్కూలు విధానం, అక్కడ చేరినవారి జీపీఏ, ఎంక్యాట్ వ్యాప్తి ఉంటాయి. చిన్న రుసుము కట్టి చూడవచ్చు.

పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి రాష్ట్రం ముఖ్యం. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లలో బయటి రాష్ట్రాల వారికి పది శాతం సీట్లకు మించి ఉండవు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు సియాటిల్ మెడికల్ స్కూలు వాషింగ్టన్, వయోమింగ్, అలాస్కా, మొంటానా, ఐడహో రాష్ట్రాల వారి కోసమే ప్రధానంగా నడుస్తుంది. కాబట్టి డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న మనవారికి సొంత రాష్ట్రమే పెద్ద బలం. పేరున్న స్కూళ్లనే 20 ఎంచుకుని సొంత రాష్ట్రపు స్కూళ్లను చిన్నచూపు చూడడం మనవారిలో తరచుగా కనబడే పొరపాటు. డీఓ స్కూళ్ల సగటు ఎంక్యాట్ ఎండీ స్కూళ్లకన్నా తక్కువ. ఆ పట్టాతో కూడా రెసిడెన్సీ చేసి అన్ని విభాగాల్లో పనిచేస్తున్నవారు ఉన్నారు. మన బంధువుల్లో ఆ రెండక్షరాలకు తగినంత గౌరవం లేకపోవడం తప్ప దానికి లోటేమీ లేదు.

లేఖలు, తేదీలు

సిఫారసు లేఖల్లో ఇద్దరు సైన్స్ అధ్యాపకులవి, ఒకటి సైన్సేతర అధ్యాపకులది సాధారణంగా అడుగుతారు. కొన్ని కాలేజీలు వీటి బదులు కమిటీ లేఖ ఒకటి ఇస్తాయి. 300 మంది ఉన్న తరగతిలో ఏ గ్రేడు తెచ్చుకున్న విద్యార్థి గురించి ప్రొఫెసరు రాయగలిగేది ఆ గ్రేడు వచ్చిందన్న ముక్కే. ఆఫీసు గంటల్లో వెళ్లి ప్రశ్నలు అడిగి, ఆ తరువాత అదే కోర్సుకు టీచింగ్ అసిస్టెంటుగా చేసినవారికి మంచి లేఖ వస్తుంది. కుటుంబ స్నేహితుడైన కార్డియాలజిస్టు లేఖ ఎంత ఆప్యాయంగా ఉన్నా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆమ్‌కాస్ మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర నుంచి పంపవచ్చు. చాలా స్కూళ్లు వచ్చినవాటిని వచ్చినట్లే చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తాయి, పైగా ట్రాన్‌స్క్రిప్టులు సరిచూడడానికే రద్దీలో కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల జూన్ మొదటివారంలో పంపినదానికీ ఆగస్టు చివర పంపినదానికీ చాలా తేడా ఉంటుంది. ఆ తరువాత ఒక్కో స్కూలు నుంచి సెకండరీ ఎస్సేలు, అంటే ఆ స్కూలు విడిగా అడిగే ప్రశ్నలు, వస్తాయి. రెండు వారాల్లో తిరిగి పంపాలన్నది అందరూ పాటించే పద్ధతి. 20 స్కూళ్లకు పెడితే 50, 60 చిన్న ఎస్సేలు ఒకే వేసవిలో మీద పడతాయి. ఈ స్కూలే ఎందుకు అన్న ప్రశ్న ఏటా వచ్చేదే కాబట్టి, జూన్‌లోనే రాసి పెట్టుకోవాలి.

జూన్ నెలలో కూడా ఎంక్యాట్ స్కోరు తేలకపోయినా, రోగుల మధ్య చేసిన పని 50 గంటలు దాటకపోయినా, ఆ సంవత్సరం ఆగడమే సరైన నిర్ణయం. చేరేవారిలో సగానికి పైగా కాలేజీ తరువాత కనీసం ఒక గ్యాప్ ఇయర్ తీసుకున్నవారే. ఒక ఏడాది వృథా అయిందని ఇండియాలోని తాతగారు బాధపడవచ్చు. కానీ అరకొర దరఖాస్తు పంపితే పోయేది ఆ ఏడాది ఒక్కటే కాదు, తిరిగి దరఖాస్తు చేసేటప్పుడు పాతదానిని పక్కన పెట్టుకుని చదివే స్కూళ్లు ఉన్నాయి.

సీటు రానివారు అదే దరఖాస్తును మరుసటి జూన్‌లో మళ్లీ పంపకూడదు. కొన్ని స్కూళ్లు అడిగితే లోపం ఏమిటో చెప్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి అడగవచ్చు. ఇంటర్వ్యూకే పిలుపు రాకపోతే లోపం అంకెల్లోనో, స్కూళ్ల ఎంపికలోనో, రోగులతో చేసిన పని తక్కువ కావడంలోనో ఉందని వెతకాలి. ఇంటర్వ్యూలకు వెళ్లి సీటు రాకపోతే మాట్లాడే తీరులో వెతకాలి. అంకెలు బలహీనంగా ఉన్నవారికి డిగ్రీ తరువాత మళ్లీ సైన్స్ కోర్సులు చదివించే పోస్ట్‌బ్యాక్, స్పెషల్ మాస్టర్స్ వంటి కార్యక్రమాలున్నాయి, ఖర్చు ఎక్కువ కాబట్టి జీపీఏ 3.3 కన్నా తక్కువ ఉన్నవారే వాటిని ఆలోచించాలి. మిగిలినవారు ఏడాదిపాటు క్లినిక్‌లో పూర్తికాలం పనిచేసి, ఎస్సేలన్నీ కొత్తగా రాసి, సొంత రాష్ట్రపు స్కూళ్లనూ డీఓ స్కూళ్లనూ పట్టికలో చేర్చి మళ్లీ పంపితే సరిపోతుంది.